గేరు బాక్సులో రాగి

టెచిమాన్,
ఫిబ్రవరి, శుక్రవారం

ఒరే తమ్ముడూ బదియాకో,

నువ్వడిగిన ఆయిల్ పంపుతున్నాను. రెండు సీసాలు. ఎర్రగుడ్డ కట్టింది ఇంజన్‌ది, నల్లగుడ్డ కట్టింది గేరు బాక్సుది. గుడ్డల కోసం వెతుక్కునే పనే లేకపోయింది. నా కొడుకు యావ్ పోయినప్పటి నుంచి నా పెట్టెలో ఈ రెండు చావుబట్టల రంగులే కదా ఉన్నాయి.

సీసాలూ ఉత్తరమూ మన డ్రైవర్ అటా చేతికిచ్చాను. కుమాసి స్టాండులో ఒబువాసి బస్సువాళ్ళకి అందిస్తాడు. అంటే కుమాసి దాకా మన బస్సు తన రక్తం తానే మోసుకుంటూ పరీక్షకి పోతోందన్నమాట. యావ్‌కి కళ్ళు పచ్చబడ్డప్పుడు ఆస్పత్రికెళ్ళి రక్తం చూపించుకోరా అని ఎంత మొత్తుకున్నాను! "ఏం కాదులే అమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్క అని మళ్ళీ బస్సు కిందికి దూరాడు. వాడు చేయించుకోని పరీక్ష ఇప్పుడు వాడి బస్సుకి జరుగుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను, ఒకదాని తర్వాత ఒకటి.

మీ గనిలో డంపర్ లారీలు ఇళ్ళంత ఉంటాయంటావు కదా. వాటి ఆయిల్ చూసే కళ్ళకి మా "తొందరేముంది" ఆనుతుందా? బస్సు వెనక వాడు రాయించిన ఆ మాటే ఇప్పుడు దానికి పేరైపోయింది. తొందరేముంది ఇంకా రాలేదేమని జనం నా చేపల బుట్ట దగ్గరికొచ్చి అడుగుతున్నారు.

ఒక్కటి ముందే చెప్తున్నాను. నీ పరీక్షలో ఏం తేలినా సరే, విప్పమని మాత్రం అనకు. ఆ ఇంజన్నీ గేరు బాక్సునీ తుక్కు కొట్లోంచి తెచ్చి, వానాకాలమంతా షెడ్డులో మట్టిలో పడుకుని, ముక్కముక్కా కూర్చింది వాడు. ఆఖరి బోల్టు బిగించింది వాడు. ఆ బిగింపు మీద ఇంతవరకూ ఇంకొకరి చెయ్యి పడలేదు. పడనివ్వను.

మీ ఆవిడకి ఎండుచేపలు వేరే పొట్లం కట్టాను. వాటిని పరీక్ష చెయ్యకు, వండుకోండి.

మీ అక్క
అకూవా డుఫీ


ఒబువాసి,
మార్చి మొదటి వారం

గౌరవనీయురాలైన అక్కకు,

నువ్వు పంపిన రెండు నమూనాలూ అందాయి. మా ల్యాబులో నేనే స్వయంగా పరీక్షించాను. ఫలితాలు బాగాలేవు. దాచడం వల్ల ఉపయోగం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇంజన్ ఆయిల్‌లో ఉప్పు ఉంది. నీళ్ళు కూడా ఉన్నాయి. ఈ రెండూ కలిసి కనబడ్డాయంటే లవణాలు కలిసిన రేడియేటర్ నీళ్ళు ఎక్కడో సందు చేసుకుని ఆయిల్‌లోకి దిగుతున్నాయని అర్థం. అలాగే వదిలేస్తే లోపల బేరింగులను తినేస్తాయి. ఇంజన్ హెడ్డు విప్పి చూడక తప్పదు. గేరు ఆయిల్‌లో రాగి ఉండవలసినదాని కంటే బాగా ఎక్కువగా ఉంది. లోపల కంచు భాగమేదో అరుగుతోందన్నమాట. అదీ మంచి లక్షణం కాదు, కానీ ముందు ఇంజన్ సంగతి చూడాలి.

విప్పవద్దని రాశావు. నేను నీ తమ్ముణ్ణి మాత్రమే కాదు, యావ్‌కి మేనమామను. వాడు వదిలి వెళ్ళినదానికి మన వంశంలో జవాబు చెప్పవలసినవాణ్ణి నేను. కనుక హెడ్డు విప్పమని షెడ్డు మాస్టర్ ఒపోకుకి కబురు పంపాను. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఓర్చుకో.

ఇంకొక విషయం. ఎర్రగుడ్డ సీసా మూత తియ్యగానే మా గదిలో ఉన్నవాళ్ళందరూ ముక్కులు మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. మా పైఅధికారి వచ్చి ఏమిటా వాసన అని అడిగాడు. బల్ల వెనక ఎలుక చచ్చిందని చెప్పాను. మధ్యాహ్నం దాకా నలుగురు మనుషులు ఆ ఎలుక కోసం వెతికారు. ఇంజన్ లోపల పరిస్థితి అంత విషమించి ఉంటుందని నేననుకోలేదు.

ఇట్లు
క్వాజో బదియాకో


టెచిమాన్,
మార్చి, ఆదివారం సాయంత్రం

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం రెండోసారి చదివేసరికి ఊపిరాడలేదురా. నవ్వి నవ్వి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. ఏడుస్తున్నాననుకుందట పాపం. ఈ ఇంట్లోంచి అలాంటి శబ్దం వస్తే ఇంకేమనుకుంటుంది?

ఎలుకా? సంఘపెద్దవి, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడివి, ఎలుక చచ్చిందని చెప్పావా? చచ్చింది ఎలుక కాదు, చేప. ఆ సీసాలో నేను ఉప్పుచేపల ఊట పోసి పెట్టుకునేదాన్ని, పులుసులోకి. కడిగానులే. కడగలేదనుకునేవు. కానీ ఉప్పుచేప వాసన ఒక కడుగుడికి పోతుందా? చేపలు అమ్మేదాని ఇంట్లో ఉప్పు దొరికిందని ఇంజన్ విప్పుతావా?

మొన్న మీ ఒపోకు పానాల సంచీతో వచ్చాడు. నేను బస్సెక్కి, డ్రైవర్ సీటు పక్కన ఇంజన్ మూత ఉంటుంది చూడు, దాని మీద కూర్చున్నాను.

"అమ్మా, కాస్త దిగండి" అన్నాడు.

"దించు చూద్దాం" అన్నాను.

"మీరు పెద్దవారు, నేనెలా దించుతాను?"

"పెద్దదాన్ని కాబట్టే కూర్చున్నాను. మోకాళ్ళ నొప్పులు."

వాడు కిందా నేను పైనా మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాం. ఆకలేసి వాడు మొక్కజొన్న కెంకే ముద్ద కొనుక్కోవడానికి వెళ్ళాడు. నాకూ ఒకటి తెచ్చిచ్చాడు. మంచివాడే. తినేసి మళ్ళీ అక్కడే కూర్చున్నాను. చీకటి పడేలోపల వెళ్ళిపోయాడు.

ఈసారి కొత్త మందు సీసాలు కొని ఇంజన్‌దీ గేరు బాక్సుదీ రెండూ మళ్ళీ పంపుతున్నాను. రాగి అన్నావే, అదీ చేపే అయ్యుంటుంది. బాగా చూసి నీ తప్పు నువ్వు దిద్దుకో. మీ పైఅధికారికి ఎలుక దొరికిందా?

నీ అక్క
డుఫీ


ఒబువాసి,
ఏప్రిల్

అక్కా,

ముందుగా, ఇంజన్ విషయంలో నేను ఓడిపోయాను. ఉప్పు లేదు, నీళ్ళు లేవు. యావ్ ఇంజన్ చాలా ఆరోగ్యంగా ఉంది. హెడ్డు విప్పనక్కర్లేదు. ఒపోకుకి నేనే క్షమాపణ చెప్పుకుంటాను.

ఇప్పుడు గేరు ఆయిల్ సంగతి. ఇంత శుభ్రమైన గేరు ఆయిల్ నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి చూడలేదు. రాగి లేదు. ఇనుము లేదు. దుమ్ము లేదు. హర్మటాన్ ఎడారి గాలిలో నాలుగు నెలలు తిరిగిన బస్సులో దుమ్ము నలుసు కూడా లేదు! అక్కా, ఈ ఆయిల్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క గేరు మొహం చూడలేదు. మీ గేరు బాక్సు ఇవాళే పుట్టిందా? పురుడు ఎవరు పోశారు? ఏ కొట్లో కొన్నావో ఆ కొట్టువాడికి నా అభినందనలు చెప్పు, సరుకు నాణ్యమైనది.

నేను ఆశ్చర్యపోలేదులే. అమ్మ పులుసులో మాంసం ముక్కలు నువ్వు తినేసి, తడి వేళ్ళతో నేల మీద పిల్లి అడుగులు వేసిన రోజు నాకు గుర్తుంది. ఆ పిల్లిని వెతకడానికి నన్నే పంపారు.

ఇలాంటిదేదో చేస్తావని అటాకి ముందే చెప్పి ఉంచాను. అసలు గేరు బాక్సులోంచి తీసిన ఆయిల్ వాడు కుమాసి నుంచి వేరేగా పంపాడు. వాణ్ణి తిట్టకు, నా మాట విన్నాడు. అందులో రాగి ఫిబ్రవరిలో ఉన్నదానికి రెట్టింపుకు పైగా పెరిగింది. సీసాని ఎండలో పెడితే కళ్ళకే కనిపిస్తోంది, బంగారపు పొడిలా మెరుస్తోంది. ఇది చేప కాదు.

ఇకమీదట నవ్వుతాలు లేకుండా రాస్తున్నాను. అరిగే ఆ ముక్క ఒకరోజు పూర్తిగా పోతుంది. గేరు జారిపోతుంది, లేదా పట్టేస్తుంది. అది స్టాండులో జరిగితే అదృష్టం. మాంపోంగ్ కొండ దిగుతున్నప్పుడు జరిగితే, నిండా జనంతో, స్టీరింగ్ దగ్గర అటా. ఆ తర్వాత ఎర్రగుడ్డలకీ నల్లగుడ్డలకీ వెతుక్కోనక్కర్లేని ఇళ్ళు ఎన్ని అవుతాయో నువ్వే ఆలోచించు.

యావ్ ఏం కాదులే అన్నాడని ఏడాదిగా ఏడుస్తున్నావు. ఇప్పుడు ఆ మాట నువ్వు అంటున్నావు అక్కా.

క్వాజో


టెచిమాన్,
ఏప్రిల్ చివర

బదియాకో,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. మళ్ళీ తీశాను. ఒక మూల కాలింది. ఆఖరి వాక్యం కాలితే బాగుండేది, అది కాలలేదు.

రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూ తిరిగాను. అటాతో మాట్లాడలేదు. వాడు పొద్దున్నే వచ్చి "అమ్మా, నమస్కారం" అంటే చేపలకేసి చూసి "నమస్కారం" అన్నాను. పోనీ చేపలైనా పలుకుతాయేమో అన్నట్టు వాడు అక్కడే నిలబడ్డాడు.

మూడో రోజు వాడి తల్లి బజార్లో కనబడింది. కందగడ్డలు బేరమాడుతోంది. నన్ను చూసి, "అక్కా, మీ బస్సు దొరికాక మావాడు మనిషయ్యాడు. నేనైతే వాడు బండి తీసినప్పుడల్లా మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడతాను. పిచ్చిదాన్ని కదూ?" అంది.

"అందరం అంతే" అన్నాను.

"మీవాడు కట్టిన బండి కాబట్టి నాకు ధైర్యం" అంది.

తమ్ముడూ, ఆ మాట వినగానే కందగడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని ఊరికే తిప్పుతూ నిలబడ్డాను. అమ్మేవాడు "కొంటావా, ఆడిస్తావా?" అన్నాడు. కొన్నాను.

ఆ సాయంత్రమే బస్సు ఆపించాను. ఇప్పుడు ఇంటి ముందు ఉంది. కోళ్ళు దాని కింద కాపురం పెట్టాయి. జనం వచ్చి తొందరేముంది ఏదీ అంటే, అదిగో, దానికి తొందర లేదు అని చూపిస్తున్నాను.

గేరు బాక్సు విప్పిస్తాను. కానీ నువ్వు రావాలి. కబుర్లతో కుదరదు. వాడి చెయ్యి పడిన చోట ఇంకొకరి చెయ్యి పడబోతోంది, వాణ్ణి అడగాలి. అడగాల్సింది మేనమామే. నేల మీద పానీయం పొయ్యి, పేరు పెట్టి పిలువు, ఎందుకు విప్పుతున్నామో చెప్పు. నేను సంఘపెద్దను, అలాంటివి చెయ్యను అని సాకులు రాయకు. ఎలుక సంగతి మీ పాస్టర్‌కి ఇంకా తెలియదు. నాకు ఆయన చిరునామా తెలుసు.

సారా తేవద్దు. వాడు ముట్టేవాడు కాదు. మత్తులేని నల్ల మాల్ట్ తాగేవాడు, చల్లగా. అది తే.

అక్క


ఒబువాసి,
జూన్ మొదట్లో

ప్రియమైన అక్కకు,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పొట్లం దారిలోనే అయిపోయింది, ఈ సంగతి మా ఆవిడకి రాయకు.

షెడ్డు దగ్గర జరిగిందాని గురించి ఎవరైనా అడిగితే, నేను ప్రార్థన చేశానని చెప్పు. అది నిజం. ప్రార్థన మధ్యలో సీసా మూత ఊడి, చెయ్యి జారి, మాల్ట్ నేల మీద పడింది. అదీ నిజమే. నేను "యావ్, నాన్నా" అన్నమాట కూడా నిజమే, కానీ అది ప్రార్థనలో భాగం.

గేరు బాక్సు గురించి నువ్వు ఇక దిగులు పడవద్దు. లోపలి కంచు వాషరు అరిగిపోయింది. వయసు. వస్తువు అన్నాక వయసు ఉంటుంది కదా. ఎంత మంచి వస్తువుకైనా వయసు తప్పదు. కొత్తది వేశారు, బిగించారు, కొత్త ఆయిల్ పోశారు. యావ్ చేసిన పని చూసి మాస్టర్ ఒపోకు ఎంతో మెచ్చుకున్నాడు. ఇంత పొందికైన పని ఈ షెడ్డులోనే చూడలేదన్నాడు. వాడి చేతుల్లో దేవుడిచ్చిన వరం ఉందన్నాడు. అందరం అదే అనుకున్నాం. ఏ లోపమూ లేదు. వయసు, అంతే.

నెల తిరిగాక మళ్ళీ ఆయిల్ పంపు. ఈసారి దయచేసి గేరు బాక్సులోది.

ప్రేమతో
నీ తమ్ముడు


కుమాసి,
జూన్, సోమవారం

ఒరే దొంగ తమ్ముడూ,

ఒక్క పేరాలో వయసు వయసు అని అన్నిసార్లు రాస్తే, వయసైనదాన్ని నాకు అనుమానం రాదా? నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పుడూ రాలేదు. పిల్లి అడుగులు నేనే వెయ్యాల్సొచ్చింది.

ఆ రోజే నాకు తేడాగా ఉంది. బాక్సు మూత ఊడగానే నువ్వు "అక్కా, ఆకలేస్తోంది, కెంకే తెస్తావా?" అన్నావు. అప్పుడే కదా తిన్నావు! సరే, తెచ్చాను. తిరిగొచ్చేసరికి నువ్వూ ఒపోకూ అటా ముగ్గురూ చేతులు కట్టుకుని శవయాత్రలో ఉన్నట్టు నిలబడ్డారు. ఒపోకు ఏదో ముక్క గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఎవరూ కెంకే ముట్టలేదు.

అందుకని నిన్న అటాని భోజనానికి పిలిచాను. కందగడ్డ ఉడికించి ఫూఫూ ముద్ద దంచి, మేకమాంసం పులుసు పెట్టాను. నీకు తెలియదు, ఆ పిల్లాడు కడుపు నిండుతున్నప్పుడు అబద్ధమాడలేడు.

"ఆ రోజు ఏం చూశారు మీరు?" అన్నాను.

"వయసమ్మా" అన్నాడు.

ఇంకో ముక్క వేశాను.

"వాషరుకి వయసైంది" అన్నాడు.

ఇంకో రెండు వేశాను. తల వంచుకున్నాడు. "అమ్మా, చెప్పొద్దని మేనమామగారు ఒట్టు వేయించారు."

"నా పులుసు తింటూ ఎవరి ఒట్టురా?"

అప్పుడు చెప్పాడు. ఆ వాషరుకి ఒక వైపు సన్నటి గాడులుంటాయట, ఆయిల్ పారడానికి. ఆ వైపు గేరు కేసి ఉండాలట. మనవాడు దాన్ని తిరగేసి వేశాడట. ఆయిల్ అందక, వేసిన రోజు నుంచీ కంచు అరుగుతూనే ఉందట. వయసూ కాదు, వంకాయా కాదు. నా కొడుకు తప్పు.

అటా కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మా, ఏమనుకోకండి, అన్న చాలా గొప్ప పనివాడు" అని మొదలెట్టాడు.

నేను నోరు మూసుకో అన్నాను. తర్వాత నాకు నవ్వొచ్చింది. మొదట కొంచెం, తర్వాత ఆగలేదు. పక్కింటావిడ మళ్ళీ పరిగెత్తుకొచ్చింది. ఈసారి ఏడుస్తున్నాను కూడా, కాబట్టి ఆవిడ రావడం వృథా కాలేదు.

తమ్ముడూ, నువ్వెందుకు దాచావో నాకు తెలుసు. నా గుండె పగులుతుందనుకున్నావు. విను. ఏడాదిగా నా గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ నాకొక మంచివాణ్ణి తెచ్చి అప్పగించి పోతున్నారు. వాడి చేతులు వరమట, నోట్లో చెడ్డమాట లేదట, ఒక్క తప్పు ఎరగడట. నేను తల ఊపుతూ కూర్చున్నాను. లోపల్లోపల, ఎవర్రా వీడు, నేనెప్పుడు కన్నాను వీణ్ణి అనుకునేదాన్ని. నా యావ్ కుడికాలి జోడు ఎడమకాలికి వేసుకుని బడికెళ్ళి, ఒరే తిరగేసి వేశావురా అంటే, "ఇలాగే బావుంది" అని సాయంత్రం దాకా కుంటుకుంటూ నడిచినవాడు. మధ్యలో విప్పి మార్చుకుంటే పరువు పోతుంది మరి. వాడు తెలుసు నాకు. వాణ్ణి నేను పెంచాను.

ఇప్పుడు ఆ బోల్టుల మీద ఒపోకు బిగింపు ఉంది. ఉండనీ. సరిగ్గా బిగించాడు. ఏ బిగింపు కోసం నేను ఇంజన్ మూత మీద కాపలా కూర్చున్నానో, దాని లోపల ఒక వాషరు తిరగేసి ఉంది.

ఇవాళ పొద్దున బస్సు మళ్ళీ కదిలింది. అటా తల్లి గుమ్మంలో నిలబడింది, నేను లోపల కూర్చున్నాను, డ్రైవర్ పక్క సీట్లో. ఊరు దాటగానే మొదలెట్టాను. "ఒరే యావ్, కళ్ళెక్కడ పెట్టుకున్నావురా? గాడులు కనబడలేదా? అడిగితే ఒపోకు చెప్పకపోయేవాడా? అడగవు. ఎప్పుడడిగావు గనక? ఆస్పత్రికెళ్ళమంటే వెళ్ళావా? ఏం కాదులే అన్నావు. చూడు ఏమైందో!" వెనక సీట్లవాళ్ళు గుసగుసలాడారు. అటా నన్నే అనుకుని, "ఇంకెప్పుడూ అలా చెయ్యనమ్మా" అన్నాడు. నీతో కాదురా, నువ్వు రోడ్డు చూడు అన్నాను.

ఏడాది తర్వాత వాణ్ణి తిట్టాను తమ్ముడూ. పోయినవాళ్ళని ఎవరూ తిట్టనివ్వరు కదా. నోరారా, పేరు పెట్టి, చిన్నప్పటివి కూడా తవ్వి తీసి తిట్టాను. మాంపోంగ్ కొండ మెత్తగా దిగింది బస్సు, గేరు గునిసింది లేదు. కుమాసి స్టాండులో దిగేటప్పుడు ఒక ముసలాయన, "అమ్మా, ఎవరా అబ్బాయి, ఎక్కడుంటాడు? నేనొచ్చి నాలుగు చీవాట్లు పెడతాను" అన్నాడు.

"వద్దు బాబాయ్, నా కొడుకు. నేను చాలు" అన్నాను.

రేపు తిరుగు బస్సు ఎక్కాలి. ఇంకా సగం కూడా తిట్టలేదు.

అకూవా డుఫీ
యావ్ తల్లి